చెప్పుకోలేక ఆగిన రెండు రోజులు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. వయసు 67 ఏళ్లు. మావారు పోయి నాలుగేళ్లయింది. అబ్బాయి, కోడలు బెంగళూరులో ఉంటారు. మంగళవారం సాయంత్రం, ముప్పై ఏళ్లు నా పక్క గదిలో లెక్కలు చెప్పిన మాస్టారి నంబరు నుంచి వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలానా’ అన్న పేరుతో ఒక ఫైలు వచ్చింది. మావారి స్కూటరును మా మేనల్లుడు వాడుతుంటాడు. వాడు ఎక్కడో సిగ్నలు దాటి ఉంటాడని, ఆ సంగతి తెలిసి మాస్టారు పంపి ఉంటారని అనుకున్నాను. ఫైలు తెరిస్తే ఫోను ఏవేవో అనుమతులు అడిగింది, అన్నిటికీ సరేనన్నాను. జరిమానా 500 రూపాయలు కట్టడానికి డెబిట్ కార్డు వివరాలు అడిగితే ఇచ్చాను. ఆ తరువాత తెర మీద ఏమీ కనబడలేదు. గురువారం పాస్‌బుక్ వేయించడానికి బ్యాంకుకు వెళితే బుధవారం తెల్లవారుజామున రెండు విడతలుగా 1,84,500 రూపాయలు పోయినట్టు తెలిసింది. నా ఫోనులో ఒక్క మెసేజీ కూడా లేదు. కౌంటరులోని అబ్బాయి ‘ఓటీపీ మీరే చెప్పి ఉంటారు, మేమేం చేయగలం, పోలీసుల దగ్గరికి వెళ్లండి’ అన్నాడు. నలుగురిలో ఆ మాట అనేసరికి తల కొట్టేసినట్టయి ఇంటికి వచ్చేశాను. పోలీసులకు చెప్పలేదు, అబ్బాయికీ చెప్పలేదు. మాస్టారికి ఫోన్ చేస్తే తనకూ వారం కిందట 40 వేలు పోయాయని, పరువు తక్కువని ఎవరికీ చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకున్నారు. ఈరోజు శుక్రవారం ఉదయం సైబర్ పోలీసునంటూ ఒకాయన వీడియో కాల్ చేశాడు. ఖాకీ చొక్కాలో ఉన్నాడు, చక్కటి తెలుగు మాట్లాడాడు, నా ఖాతా నంబరు సరిగ్గా చెప్పాడు. పోయిన డబ్బు పట్టుకున్నారట, విడుదల కావాలంటే జీఎస్టీ కింద 9,500 రూపాయలు పంపాలట, కట్టకపోతే నా ఖాతా మీదే కేసు పెట్టి అరెస్టు చేస్తారట. ఎవరికైనా చెబితే దర్యాప్తు చెడిపోతుందట. కట్టమంటారా? పోయిన డబ్బు వస్తుందా? నా పేరు మీద ఇంకేమైనా చేసి ఉంటారా? అబ్బాయికి చెప్పక తప్పదా? ఉత్తరం నిజమేనన్న నమ్మకం కోసం నా ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సులు జత చేస్తున్నాను. పేరు మాత్రం వేయకండి.

సమాధానం:

టీచరుగారూ, మీ ఉత్తరం శనివారం ఉదయం కొరియరులో అందింది. అచ్చయ్యేదాకా ఆగవలసిన విషయం కాదు గనుక మీరు రాసిన ల్యాండ్‌లైను నంబరుకు అప్పుడే ఫోన్ చేసి, ఆ 9,500 పంపవద్దని, సెల్‌ఫోనులో నెట్ ఆపేసి సిమ్ము తీసి పాత కీప్యాడు ఫోనులో వేయమని, పక్కింటివారి ఫోను నుంచి 1930కి ఫిర్యాదు చేసి బ్యాంకు మూసేలోగా రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రమ్మని చెప్పాను. మీరు ఆ పనులన్నీ మధ్యాహ్నంలోగా పూర్తి చేశారు. ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైను ఉండడం, ఆ శనివారం నెలలో రెండోదో నాలుగోదో కాకపోవడం, ఈ వ్యవహారం మొత్తంలో మనకు కలిసొచ్చిన రెండు సంగతులు. అవి ఎందుకు చేయమన్నానో, ఇక ముందు ఏం చేయాలో ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఖాకీ చొక్కా ఆయన సంగతి. మీ ఉత్తరంలో మీరే రాసిన ఒక వాక్యాన్ని మరోసారి చదువుకోండి: పోలీసులకు చెప్పలేదు. మీరు ఫిర్యాదే చేయనప్పుడు మీ డబ్బు పోయిన సంగతి పోలీసులకు ఎలా తెలుస్తుంది? శుక్రవారం ఉదయానికి ఆ సంగతి తెలిసినవారు మీరు, మాస్టారు, కౌంటరులోని అబ్బాయి, డబ్బు తీసుకున్నవాడు. అతను మీ ఖాతా నంబరు సరిగ్గా చెప్పడాన్ని మీరు నిజాయితీకి రుజువుగా తీసుకున్నారు గాని, అది అతను ఎవరి మనిషో చెప్పే రుజువు. ఒకసారి మోసపోయినవారి వివరాలను అదే ముఠా మళ్లీ వాడుకోవడం, లేదా మరొక ముఠాకు అమ్ముకోవడం ఈ దందాలో మామూలే. పోయిన డబ్బు కోసం మనసు ఆరాటపడుతున్నప్పుడు మనిషి రెండోసారి సులువుగా చిక్కుతాడని వాళ్లకు బాగా తెలుసు. ప్రభుత్వం పట్టుకున్న సొమ్మును బాధితులకు తిరిగి ఇవ్వడానికి జీఎస్టీ గాని, ప్రాసెసింగ్ ఫీజు గాని, డిపాజిట్ గాని ముందుగా కట్టించుకునే పద్ధతి మన దేశంలో లేదు.

అరెస్టు బెదిరింపు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో డబ్బు పోయిన బాధకంటే ఆ భయమే ఎక్కువగా కనబడింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షను ప్రకారం, మనిషి తనంతట తాను మాటతోనో చేతతోనో లొంగిపోతే తప్ప, అరెస్టు చేసే అధికారి అతని శరీరాన్ని తాకాలి లేదా నిర్బంధించాలి. తెర మీద నుంచి అది సాధ్యపడే పని కాదు. స్త్రీలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు అరెస్టు చేయకూడదని, అప్పుడైనా మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో చేయాలని అదే సెక్షను చెబుతోంది. విచారణకు హాజరు కమ్మనే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ‘డిజిటల్ అరెస్టు’ అనేది ఏ చట్టంలోనూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్ ప్రసంగంలో చెప్పారు. ఆ తరువాత కూడా వృద్ధులు ఇంట్లోనే వీడియో కాల్ ముందు రోజుల తరబడి కదలకుండా కూర్చుని జీవితకాలపు పొదుపును పంపుతూనే ఉండడంతో, సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుని, డిసెంబర్ 1న ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అందువల్ల ఆ మనిషి మళ్లీ ఫోన్ చేస్తే ఈ సెక్షన్లన్నీ అతనికి అప్పజెప్పవలసిన అవసరం మీకు లేదు, ఫోన్ పెట్టేయండి. ఆ నంబరును కేంద్ర టెలికం శాఖవారి సంచార్ సాథీ సైటులో, మోసపు కాల్స్ గురించి చెప్పే ‘చక్షు’ విభాగంలో నమోదు చేయించండి.

అతని తెలుగు చక్కగా ఉందని రాశారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, ఉద్యోగాలు ఇప్పిస్తామని ఏజెంట్లు కంబోడియాకు పంపిన మన రాష్ట్రపు యువకుల చేత అక్కడి ముఠాలు ఇలాంటి మోసాలే బలవంతంగా చేయించాయని తేలింది. మన యాసలో మాట్లాడేవాడు మన ఊళ్లోనే ఉన్నాడని గాని, ఇష్టపడే ఆ పని చేస్తున్నాడని గాని అనుకోవడానికి లేదు. ఇది మీకు ఊరట కాదని తెలుసు, అయినా యాసను బట్టి మనిషిని నమ్మే అలవాటు మనలో చాలా మందికి ఉంది గనుక చెప్పాను.

ఇక అసలు మోసం ఎలా జరిగిందో చూద్దాం. మీకు వచ్చినది చలానా పత్రం కాదు, ఏపీకే ఫైలు. ఫోటో అయినా పీడీఎఫ్ అయినా తెరిస్తే కనబడుతుంది, అంతే. ఏపీకే ఫైలు మాత్రం ఫోనులోకి దిగి యాప్‌గా కూర్చుంటుంది. ప్లే స్టోరు దారిన కాకుండా పక్కదారిన వస్తున్నది గనుక ఫోను ముందుగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటిన తరువాత అది అడిగే మొదటి అనుమతి మెసేజీలు చదవడానికి. మీరు దానికి సరేనన్న క్షణం నుంచి మీకు వచ్చే ప్రతి ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరింది. బ్యాంకు పంపిన డెబిట్ మెసేజీలను కూడా అదే యాప్ మీ కంట పడకుండా దాచి ఉంటుంది. జరిమానా పేరుతో మీరు నింపిన పేజీ నుంచి కార్డు వివరాలు వెళ్లాయి. కార్డు వివరాలు, ఓటీపీలు రెండూ చేతికి వచ్చాక, మీరు నిద్రలో ఉన్న వేళ చూసి పని పూర్తి చేశారు. కాబట్టి కౌంటరులోని అబ్బాయి అన్నమాట సరి కాదు. ఓటీపీ మీరు చెప్పలేదు, దాన్ని దొంగిలించారు. ఈ తేడా మాటల తేడా కాదు, దీని అవసరం కింద వస్తుంది.

మాస్టారి నంబరు నుంచే ఎందుకు వచ్చిందన్నది ఇందులోని కీలకం. ఇలాంటి యాప్ ఒక ఫోనులో చేరాక ఆ వాట్సాప్‌ను చేతిలోకి తీసుకుని, అందులోని పేర్లన్నిటికీ అదే ఫైలును పంపుతుంది. కనుక మనకు వచ్చే ఫైలు చాలాసార్లు అపరిచితుడి నుంచి కాక, మేనమామ నుంచో, పాత సహోద్యోగి నుంచో, పెళ్లి శుభలేఖ రూపంలోనో, కిసాన్ పథకం జాబితా రూపంలోనో వస్తుంది. మీ గుంటూరు మిర్చి యార్డులో, సంచి మీద ఎంత పేరున్న రైతు పేరు రాసి ఉన్నా, టిక్కీ, అంటే ఆ మిర్చి సంచి, కోసి కాయ చేతిలోకి తీసుకుని చూడనిదే వ్యాపారి ధర చెప్పడు. అది రైతును అనుమానించడం కాదు. వాట్సాప్‌లో వచ్చినదానికి కూడా పంపినవారి పేరు సంచి మీది పేరే. మాస్టారికి ఒక్క ఫోన్ చేసి ‘మీరే పంపారా’ అని అడగడం ఆయన్ను అవమానించడం కాదు. అలా అడిగి ఉంటే ఆయన ఫోను చెడిన సంగతి ఆ రోజే బయటపడేది.

ఈ విషయంలో మీ ఒక్కరినే తప్పు పట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ప్రభుత్వమే వాట్సాప్‌లోకి వచ్చిన కాలం ఇది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 95523 00009 నంబరు మీద వాట్సాప్ సేవలు ప్రారంభించింది. కనుక ‘ప్రభుత్వం వాట్సాప్‌లో పంపదు’ అన్న పాత సూత్రాన్ని మీకు ఇప్పుడు చెప్పలేను. చెప్పగలిగినది ఇది: ఏ ప్రభుత్వ శాఖా చలానాను యాప్‌గా దించుకోమని పంపదు. జరిమానా పడిందన్న అనుమానం ఉంటే రవాణా శాఖ పరివాహన్ సైటును మీరే తెరిచి బండి నంబరుతో చూసుకోవచ్చు. మనం తలుపు తెరుచుకుని వెళ్లడం వేరు, మన తలుపు తట్టినవాడిని లోపలికి రానివ్వడం వేరు.

డబ్బు వస్తుందా అన్న ప్రశ్నకు ఆశలు కల్పించకుండా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఇందులో రెండు దారులు ఉన్నాయి, ఒకటి బ్యాంకు బాధ్యత, రెండోది పోలీసులు నిలిపివేయగలిగిన సొమ్ము.

ఖాతాదారుడి అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. లోపం బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే సాధారణ సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు ఖాతాదారు భరించాలి. ఏడు దాటితే అది బ్యాంకు సొంత విధానాన్ని బట్టి ఉంటుంది. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. మీకు మెసేజీలు బుధవారం వచ్చాయని బ్యాంకు అన్నా, గురు, శుక్ర, శనివారాలు మూడు పనిదినాలు అవుతాయి, మీ అర్జీ శనివారం మధ్యాహ్నం చేరింది. నేను ఫోనులో అంత హడావిడి పెట్టింది ఇందుకే. గురువారం నాడే కౌంటరులో చెప్పారన్నది నిజమే అయినా, నోటి మాటకు ముద్ర ఉండదు. నేను బ్యాంకులో పనిచేసిన 31 ఏళ్లలో, న్యాయం తమ వైపు ఉండి కూడా చేతిలో కాగితం లేక వెనుదిరిగినవారిని చాలా మందినే చూశాను, వారిలో కొందరిని వెనక్కు పంపినవాణ్ణి నేనే.

అయితే అదే ఉత్తర్వులో మీకు ఎదురుగా నిలిచే వాక్యం కూడా ఉంది. చెల్లింపు వివరాలను ఖాతాదారు నిర్లక్ష్యంగా ఇతరులకు ఇచ్చినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టాన్ని ఖాతాదారే భరించాలి. మీరు కార్డు వివరాలు ఆ పేజీలో నింపారు గనుక బ్యాంకు ఈ వాదన తప్పక ఎత్తుతుంది. మీరు చెప్పవలసినది, ఓటీపీ మీరు ఎవరికీ ఇవ్వలేదని, అది మీకు తెలియకుండా దొంగిలించబడిందని, తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసిన భారం ఆ ఉత్తర్వు ప్రకారం బ్యాంకు మీదే ఉందని. ఈ మూడు మాటలూ అర్జీలో ఉండాలి, లేకపోతే ఇంకొక ఉత్తరంగా ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకోండి. ఫిర్యాదు అందిన 90 రోజులలోగా బ్యాంకు దాన్ని తేల్చాలి. ఈలోగా 30 రోజులు గడిచినా బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, బ్యాంకుల మీది ఫిర్యాదులు విచారించే ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద రిజర్వు బ్యాంకుకే ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వకీలు అవసరం లేదు. మొత్తం సొమ్ము వస్తుందని నేను అనను, అర్జీ పెట్టకుండా వదులుకోవలసిన కేసు కాదని మాత్రం గట్టిగా అంటాను.

రెండో దారి 1930. ఇది కేంద్ర హోంశాఖ నడిపే నంబరు. పోయిన సొమ్ము నేరుగా దొంగ ఇంటికి వెళ్లదు. కమీషనుకు ఆశపడి తమ ఖాతాను అద్దెకిచ్చినవారి పేర్ల మీద ఒక ఖాతాలో పడి, అక్కడి నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాల్లోకి, వాటి నుంచి మరికొన్నిటిలోకి వెళ్లి, చివరకు ఏటీఎంలోనో మరో రూపంలోనో బయటకు వస్తుంది. పోలీసులు వీటిని మ్యూల్ ఖాతాలంటారు. 1930కి సమాచారం చేరగానే అది మొదటి బ్యాంకుకు, అక్కడి నుంచి తరువాతి బ్యాంకులకు వెళుతుంది, దారిలో ఎక్కడ సొమ్ము మిగిలి ఉంటే అక్కడ దాన్ని నిలిపివేస్తారు. అందుకే మొదటి గంటకు ఉన్న విలువ మూడో రోజుకు ఉండదు. మీ విషయంలో మొదటి గంట మీ చేతిలో లేదు, మీకు తెలిసిందే ఒక రోజు ఆలస్యంగా. గురువారం మధ్యాహ్నం నుంచి శనివారం మధ్యాహ్నం వరకు గడిచిన రెండు రోజులు మాత్రం సిగ్గు వల్ల పోయాయి. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి కాదు, దీన్ని చదివే మరొకరు ఆ రెండు రోజులు పోగొట్టుకోకుండా ఉండాలని రాస్తున్నాను.

1930లో ఇచ్చిన నంబరుతో సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపించి, ఆ ప్రతితో మీ పరిధిలోని పోలీసు స్టేషనుకు వెళ్లండి. ‘ఇది మా పరిధి కాదు’ అంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోందని వినయంగానే గుర్తు చేయండి. సమాచార సాంకేతిక చట్టం కింద దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారి కావాలి గనుక, సీఐగారు లేరని ఒక పూట ఆగమంటే ఆగండి, తిప్పి పంపేస్తే మాత్రం ఊరుకోవద్దు. ఇతరుల పాస్‌వర్డు, గుర్తింపు వివరాలు మోసపూరితంగా వాడడం ఆ చట్టంలో 66సి, కంప్యూటరు సాధనంతో వేరొకరిలా నటించి మోసగించడం 66డి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఎక్కడైనా సొమ్ము నిలిచి ఉంటే అది సాధారణంగా కోర్టు ఉత్తర్వు మీద మీ ఖాతాకు తిరిగి వస్తుంది. దానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో ‘మీ ఫైలు నేను కదిలిస్తాను’ అంటూ ఇంకా ఎందరో ఫోన్ చేస్తారు, ఆ ఫోన్లకు జవాబు పైనే రాశాను.

ఫోను విషయంలో ఒక జాగ్రత్త. ఆ యాప్‌ను, మాస్టారి మెసేజీని తొందరపడి తుడిచివేయవద్దు. వేరే ఫోనుతో తెర ఫోటోలు తీయించి, పోలీసులకు చూపించిన తరువాతే ఫోనును పూర్తిగా రీసెట్ చేయించండి, అప్పటివరకు దానికి నెట్ ఇవ్వవద్దు. వాట్సాప్‌ను కొత్తగా మొదలుపెట్టినప్పుడు ‘లింక్డ్ డివైసెస్’లో మీది కాని కంప్యూటరు ఏదైనా ఉంటే తీసివేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి.

మీ పేరు మీద ఇంకేమైనా చేసి ఉంటారా అని అడిగారు. ఫోను గ్యాలరీలో ఆధార్, పాన్ ఫోటోలు ఉన్నాయని ఫోనులో చెప్పారు గనుక, అవి కూడా వాళ్ల చేతికి చేరాయన్న లెక్కతోనే నడుచుకోవాలి. సంచార్ సాథీ సైటులో మీ నంబరుతో ప్రవేశిస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో కనబడతాయి, మన రాష్ట్రంలో ఒకరి పేరు మీద తొమ్మిది వరకు ఉండవచ్చు. మీవి కాని వాటిని అక్కడే ‘నాది కాదు’ అని గుర్తించవచ్చు. అప్పుల సంగతికి సిబిల్ నివేదిక చూడాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు ఒకదాన్ని, మూడు నెలల తరువాత మరొకదాన్ని తీసుకుంటే ఏడాది పొడవునా ఒక కన్ను వేసి ఉంచినట్టవుతుంది. యాప్ ద్వారా ఇచ్చే చిన్న అప్పులు ముందుగా బయటపడేది అక్కడే.

ఆధార్ బయోమెట్రిక్‌ను వెంటనే లాక్ చేయించండి. దీన్ని మీ వయసువారందరికీ చెబుతున్నాను, ఎందుకంటే ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతికి ఓటీపీ అక్కరలేదు. రిజిస్ట్రేషను దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే వెలుగు చూశాయి. ఇల్లో స్థలమో కొన్న ప్రతివారి వేలిముద్రా ఏదో ఒక దస్తావేజు మీద ఉంటుంది. ఆధార్ సంస్థ యాప్‌లో గాని, సైటులో గాని లాక్ పెట్టవచ్చు, సందేహాలకు 1947 నంబరు ఉంది. లాక్ ఉన్నంతకాలం పింఛను కోసం ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి మీ వేలిముద్ర కూడా పనిచేయదు. ఆ రోజు తాత్కాలికంగా తీసి మళ్లీ వేసుకోవాలి. అదే సైటులో గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూడవచ్చు, ఒకసారి ఆ జాబితా చదవండి.

ఇకముందు పింఛను పడే ఖాతాను యూపీఐకి గాని, కార్డుకు గాని కలపవద్దని నా సలహా. కూరగాయల బండి దగ్గర, మందుల షాపులో చెల్లించడానికి వేరే చిన్న ఖాతా ఒకటి పెట్టి, నెలకు ఐదారు వేలు అందులో వేసుకోండి. దొంగ పడినా వీధి గదిలోనే పడతాడు. కార్డును ఆన్‌లైను వాడకానికి ఆపివేసే సదుపాయం బ్యాంకులన్నీ ఇవ్వాలి, అవసరమైన రోజునే తెరుచుకోండి. యూపీఐలో పిన్ నొక్కేది డబ్బు పంపడానికే, రావడానికి పిన్ను అక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. ఒక వ్యక్తి మరో వ్యక్తి నుంచి డబ్బు కోరుతూ పంపే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి నిలిపివేశారు గనుక, అలాంటి దారిలో డబ్బు వాపసు పంపుతామనేవారు అబద్ధం చెబుతున్నట్టే. బ్యాంకు ఫోన్ నంబరును గూగుల్‌లో వెదకవద్దు, కార్డు వెనుక ఉన్నదే వాడండి. బ్యాంకుల సైట్ల పేర్లు ఇప్పుడు ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తున్నాయి, అలా లేనిదాని దగ్గర ఆగి చూడండి.

అబ్బాయికి చెప్పాలా అన్నది మీరు చివరన, చిన్న అక్షరాలతో రాశారు. చెప్పాలి, ఈరోజే చెప్పాలి. సిమ్ము జాబితా, సిబిల్ నివేదిక, ఆధార్ లాక్ వంటి పనులకు పక్కన ఒక నమ్మకస్థుడు కూర్చోవలసిన అవసరం ఉంది. ఆ మనిషి ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడు కావడం కంటే మీ అబ్బాయి కావడం మంచిది. అతను మొదట కోప్పడవచ్చు. ‘నన్నెందుకు అడగలేదమ్మా’ అనే పిల్లల కోపం వెనుక, దగ్గర లేకపోయామన్న బాధ ఉంటుందని మీకు నేను చెప్పాలా? కోప్పడితే ఒక పూట మౌనంగా వినండి, ఆ తరువాత ల్యాప్‌టాప్ తెరవమనండి. మరొక సంగతి, ఎవరికీ చెప్పవద్దని మీకు ఆజ్ఞ ఇచ్చింది ఆ ఖాకీ చొక్కా మనిషి. అబ్బాయికి చెప్పకుండా ఉన్నంతసేపూ మీరు అతని ఆజ్ఞనే పాటిస్తున్నారు.

మాస్టారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 40 వేలు పోయినప్పుడే ఆయన మీ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ‘నా ఫోను చెడింది, నా నుంచి ఏ ఫైలు వచ్చినా తెరవకండి’ అని ఒక్క మాట రాసి ఉంటే మీ 1,84,500 మీ ఖాతాలోనే ఉండేవి. ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు, ఎందుకంటే గురువారం నుంచి శనివారం వరకు మీరు చేసినదీ అదే. మీ ఫోను కూడా ఈపాటికి మీ పేరుతో ఆ ఫైలును ఎందరికో పంపి ఉంటుంది. నా సలహా ఏమిటంటే ఇద్దరూ కలిసి, పక్కింటివారి ఫోను నుంచో అబ్బాయి ఫోను నుంచో, మీ టీచర్ల గ్రూపులో పేర్లతో సహా ఇలా పెట్టించండి: ‘మా ఇద్దరి ఫోన్లలో దొంగ యాప్ చేరింది. మా నంబర్ల నుంచి చలానా, శుభలేఖ, మరే పేరుతో ఫైలు వచ్చినా తెరవకండి. ఇప్పటికే తెరిచినవారు నెట్ ఆపి, వేరే ఫోను నుంచి వెంటనే 1930కి చేయండి. మేము ఆలస్యం చేసి నష్టపోయాము.’ ఆ గ్రూపులో 140 మంది ఉన్నారని చెప్పారు. మాస్టారి ఫోను నుంచి ఆ ఫైలు వారిలో ఎందరికి వెళ్లిందో మనకు తెలియదు. తెరిచి కూడా మీలాగే నోరు మెదపకుండా కూర్చున్నవారు ఒకరిద్దరైనా ఉండవచ్చు. మాస్టారు కూడా మీతో పాటు ఫిర్యాదు చేస్తే, రెండు ఫిర్యాదులలోని ఖాతా నంబర్లు కలుస్తాయేమో చూడడానికి పోలీసులకు వీలవుతుంది.

ఒక చిన్న మనవి మిగిలింది. మీ ఉత్తరం నిజమేనని నమ్మించడానికి ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు జత చేశారు. ఉత్తరం చదవగానే నమ్మాను, ఆ కాగితాల అవసరం రాలేదు. ఈ కార్యాలయంలో రోజుకు పదిమంది తిరుగుతారు, ఆ బల్ల మీద మీ ఆధార్ పడి ఉండకూడదని రెండింటినీ అప్పుడే సన్నగా చించివేశాను. ఇకమీదట ఎవరికైనా ఇవ్వక తప్పకపోతే, మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద ఏ పని కోసం ఎవరికి ఇస్తున్నారో, తేదీతో సహా, అక్షరాల మీదుగా అడ్డంగా పెన్నుతో రాసి ఇవ్వండి.